స్ట్రీమరా, కంప్యూటరా?

పోయిన నెలలో ఒక మిత్రుడు ఫోన్ చేసి, "ఒరేయ్, ఇంట్లో పాటలు వినడానికి స్ట్రీమర్ కొనమంటావా, ఉన్న కంప్యూటర్‌తో సరిపెట్టుకోమంటావా?" అని అడిగాడు. రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను. గంట గడిచినా తేలలేదు. వాడి ప్రశ్న వెనక పాతికేళ్ళ కథ ఉంది మరి.

1997లో వినాంప్ వచ్చింది. ఎంపీత్రీ పాటల్ని బీరువాలో పుస్తకాల్లా కంప్యూటర్లో సర్దుకోవచ్చని మాలాంటివాళ్ళకి తెలిసింది అప్పుడే. కానీ ఆ యంత్రం సంగీతం కోసం పుట్టింది కాదు. ఫ్యాను రొద, హార్డ్ డిస్క్ గరగర. సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాస్తారు. అప్పట్లో బాగా అమ్ముడైన సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు ఆ లెక్కని 48,000కి మార్చిగానీ వినిపించేది కాదు. దానికి తోడు, విండోస్ ఎక్స్‌పీ శబ్దాలన్నిటినీ కలిపి ఒకేసారి వదిలేది. ఘంటసాల రాగం తీస్తుండగా మధ్యలో "టింగ్"మని ఈమెయిల్ వచ్చిపడితే ఎలా ఉంటుందో, అనుభవించినవాళ్ళకే తెలుసు.

ఈ చిరాకులకి ఒక జవాబు 2001లో వచ్చింది. కాలిఫోర్నియాలో స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ స్లింప్‌త్రీ అనే పెట్టె అమ్మకానికి పెట్టింది. అందులో హార్డ్ డిస్కూ లేదు, ఫ్యానూ లేదు. పాటలు పక్క గదిలో కంప్యూటర్లోనే ఉంటాయి. పెట్టె వాటిని నెట్‌వర్క్ తీగ మీదుగా తెచ్చుకుని ఆంప్లిఫయర్‌కి అందిస్తుంది, అంతే. అంటే అది కంప్యూటర్‌కి పోటీగా రాలేదు. దానికి తగిలించిన పొడుగాటి చెయ్యి అన్నమాట. ఇప్పుడు రెండిట్లో ఏది అని అడిగేవాళ్ళు ఈ సంగతి మర్చిపోయారని నా అనుమానం.

తర్వాత అదే కంపెనీ నుంచి స్క్వీజ్‌బాక్స్, 2005లో సోనోస్ వచ్చాయి. స్కాట్లండ్‌లో లిన్ కంపెనీ 2009లో సీడీ ప్లేయర్లు చెయ్యడమే మానేసింది. ఈలోగా స్పాటిఫై లాంటి సర్వీసులు పుట్టాయి. పక్క గదిలో ఉన్న పాటలు ఎక్కడో కంపెనీల సర్వర్లలోకి వెళ్ళాయి. పెట్టె ఆకారం మారలేదుగానీ, దాని చెయ్యి పట్టుకున్నది మాత్రం ఇప్పుడు వేరేవాళ్ళు.

అటు కంప్యూటరూ ఊరుకోలేదు. 2007లో వచ్చిన విస్టా నుంచి, పాట వినిపించే ప్రోగ్రామ్ సౌండ్ కార్డుని పూర్తిగా తన చేతిలోకి తీసుకునే వీలు వచ్చింది. అంకెల్ని ధ్వనిగా మార్చే పరికరాన్ని డాక్ అంటారు కదా, మంచి యూఎస్‌బీ డాక్ తన సొంత గడియారాన్ని బట్టే కంప్యూటర్ నుంచి అంకెలు అడిగి తీసుకుంటుంది. ఒకే డాక్‌కి స్ట్రీమర్ని ఓసారి, ల్యాప్‌టాప్‌ని ఓసారి తగిలించి విన్నాను. నా చెవికి తేడా తెలియలేదు. తెలిసిందన్నవాళ్ళతో వాదించను.

నాకు తేడా తెలిసింది ఇంకోచోట. మా నాన్నగారు విజయవాడ రేడియో నుంచి భక్తిరంజని పాటలూ నాటకాలూ క్యాసెట్ల మీదకి పట్టేవారు. ఆయన పోయాక వాటన్నిటినీ కంప్యూటర్‌కి ఎక్కించాను. పేర్లన్నీ తెలుగులోనే రాశాను. అవి ఏ సర్వీసులోనూ లేవు. ముచ్చటపడి కొన్న స్ట్రీమర్ తెరమీద ఆ పేర్లు ఖాళీ గళ్ళుగా కనిపించేవి. సరే, గళ్ళు లెక్కపెట్టుకుంటూ వింటున్నాం. ఒకరోజు ఫోన్‌లో యాప్ కొత్తగా దించుకున్నాక, ఆ మోడల్‌కి ఇక సపోర్టు లేదని వచ్చింది. పెట్టెకి ఏ జబ్బూ లేదు. పాట మాత్రం రాదు.

అప్పుడే స్క్వీజ్‌బాక్స్ కథ మిగతాది చదివాను. స్లిమ్ డివైసెస్‌ని 2006లో లాజిటెక్ కొనుక్కుంది, 2012లో ఆ పెట్టెలు ఆపేసింది, 2024లో వాటికోసం నడిపిన సర్వర్ కూడా మూసేసింది. అయినా ఆ పాత పెట్టెలు ఇవాళ్టికీ పాడుతున్నాయి! ఇంట్లో కంప్యూటర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ మొదట్నించీ అందరికీ తెరిచి ఉంచినది. వాడేవాళ్ళే దాన్ని బతికించుకున్నారు. ఇప్పుడు దాని పేరు లిరియన్.

నేనూ అదే పెట్టుకున్నాను. పాత ల్యాప్‌టాప్ సామాన్ల గదిలో ఉంటుంది. హాల్లో రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరూ, దానికో డాక్ బోర్డూ. అయితే దీన్ని అమర్చడానికి రెండు ఆదివారాలు పట్టింది. మా అమ్మ మాత్రం, "ఆ కొన్న పెట్టే నయంరా, ఒక్క మీట నొక్కితే పాడేది" అంటుంది. ఆవిడ మాట కొట్టెయ్యలేను.

ఇదంతా విని మావాడు, "నీకంటే క్యాసెట్లున్నాయి. నేను వినేవన్నీ నెట్‌లోనే దొరుకుతాయి కదరా" అన్నాడు. నిజమే. స్ట్రీమరే కొనుక్కోమన్నాను. ఫోన్ పెట్టేసే ముందు, "మీ నాన్నగారి భక్తిరంజని నాకూ ఓ కాపీ పంపవూ" అని అడిగాడు. పెన్ డ్రైవ్‌లో పంపుతానన్నాను, కొనబోయే పెట్టె వెనక యూఎస్‌బీ సాకెట్ ఉందో లేదో ముందు చూసుకోమన్నాను.