ఇంజిను పడవ ఒడ్డు దాటిన రోజు

మంటకి ఇంకాస్త దగ్గరికి జరగండర్రా, కొండమీంచి చలిగాలి దిగుతున్నాది. పొగ కంట్లో పడితే ఇటు నా పక్కకొచ్చీండి.

మీరిప్పుడు బోటు అనగానే ఇంజిను ఎన్ని హార్స్‌పవరు అని అడుగుతారు. మా ఈడోళ్ళం ముందు బరువు అడిగీవోళ్ళం. మనూరికి మూడుపక్కలా కొండ, నాలుగోపక్క సముద్రం. రేవన్నది లేదు. పడవని ఇసకమీద తోసుకెళ్ళాల, విరిగే కెరటం దాటించాల, మళ్ళీ ఆ కెరటంలోంచే వెనక్కి తెచ్చుకోవాల. నడి సముద్రానికంటే ఈ ఒడ్డుకే మేం ఎక్కువ భయపడీవోళ్ళం.

మా చిన్నప్పుడు ఉన్నవి రెండే: తెప్ప, నావ. తెప్ప అంటే తేలికపాటి దుంగలు కొబ్బరితాళ్ళతో కట్టినది. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఎండలో ఆరబెట్టీవోళ్ళం. తడి దుంగ నీళ్ళు తాగి బరువెక్కిపోతాది, మర్నాడు లేవదు. నావకైతే మేకన్నది కొట్టీవోళ్ళు కాదు. పలకల అంచుల్లో చిల్లులు పెట్టి కొబ్బరితాడుతో కుట్టీవోళ్ళు. కెరటం కొట్టినప్పుడు కుట్టునావ కొంచెం ఒంగి, మళ్ళీ సర్దుకుంటాది. బిగించి మేకులు కొడితే చీలిపోతాది. ఎవరు కనిపెట్టినారో గాని, ఆళ్ళకి దండం పెట్టాల.

డాల్ఫిన్ కొండకి అవతల కత వేరు. అక్కడ 1933లో పోర్టు తెరిచినారు. మొగ దగ్గర కెరటానికి అడ్డంగా జానస్, వెల్లెడ్‌సన్ అని రెండు పాత ఓడల్ని ముంచినారని మా నాయన చెప్పీవోడు. 1948లో నెహ్రూ వచ్చి జలఉష ఓడని నీళ్ళకి వదిలిన ఊసు కూడా ఆయన నోటే విన్నాను. అంత ఓడకి జారుబల్ల ఉన్నాది. మనకున్నవి భుజాలు.

ఇంక నా పడవ సంగతి. మద్రాసులో 1979లో బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం అని ఒకటి మొదలైనాది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థది. రేవు లేని ఒడ్డుకి పనికొచ్చే ఇంజిను పడవ ఎలాగుండాల అని ఆళ్ళు ఏళ్ళ తరబడి పని చేసినారు. గుల్‌బ్రాండ్‌సన్ అని నార్వే దేశపు ఇంజనీరు బొమ్మలు గీసినాడు. అందులో గొప్పతనం ఏటంటే, ఇంజినూ పంకా కలిపి ఒక పెట్టెలో ఉంటాయి, ఆ పెట్టె ఇరుసు మీద తిరుగుతాది. ఒడ్డు దగ్గరకొచ్చేసరికి పెట్టెని వంచితే పంకా పైకి లేచిపోతాది, ఇసక తగలదు. ఇంజిను గాలితోనే చల్లబడే డీజిలు ఇంజిను, అందుకని నీళ్ళలోకి దిగక ముందే ఇసకమీద స్టార్టు చేసుకోవచ్చు. మన కెరటాన్ని కళ్ళారా చూసినోడే అలాంటిది గీయగలడు.

ఆ తీరులో కట్టిన ఫైబర్ పడవొకటి పక్క ఊళ్ళో మా చుట్టాల దగ్గర బోర్లాపడి ఉండీది. మేకలు దానికింద తొంగునీవి. డబ్బులిచ్చి బండిమీద ఇంటికి తెచ్చి కొబ్బరిచెట్ల కింద పెట్టినాను. దించడానికి పట్టినోళ్ళందరూ ఒకటే మాట: ఇది పడవా, బండరాయా? మా పెదనాన్న వేళ్ళతో దాని ఒళ్ళంతా కొట్టి చూసినాడు. ఒక పక్క ఖణేల్‌మని మోగినాది, ఒక పక్క మొద్దుగా పలికినాది. "లోపల నీళ్ళున్నాయిరా" అన్నాడు. కోసి చూస్తే నిజమే. తేలడానికి లోపల నింపిన నురగదిమ్మలు ఎక్కడో పగులులోంచి నీళ్ళు పీల్చీసుకున్నాయి. పిండితే ధారలు కారినాయి. అదంతా గోకి తీసి, ఎండబెట్టి, కొత్తది నింపి, పైన ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పూసినాం. రెజిన్ కలిపింది మీ మామ్మే. కొబ్బరిచిప్పలో కొంచెం కొంచెం పోసి గట్టిపడే మందు చుక్కలు వేసి కలిపీది. కాసేపటికే చిప్ప వేడెక్కిపోయి అది రాయైపోతాది, అంచేత నోరెత్తకుండా అందించాల. ఆ చేతివాటం నాకు రాలేదు.

ఇంజిను విప్పి గోనెసంచి మీద పరిచినాం. రింగులు మార్చినాం. ఇరుసుకడ్డీ వంకరపోతే గాజువాక లేతు షాపులో తిన్నగా చేయించినాను.

మాఘమాసంలో, సముద్రం కొంచెం మెత్తబడ్డాక, దించినాం. గంగమ్మకి దండం పెట్టి, ముక్కుకి పసుపు కుంకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టినాం. దుంగలు కింద వేసి, ఊళ్ళో ఉన్న మగోళ్ళందరూ రెండుపక్కలా భుజాలు ఆనించి ఐలెస్సా అంటే కదిలినాది. "బరువు దిగినాది రా" అని ఎవరో అరిచినారు. ఆ మాట వినడానికే కదా ఇంత పనీ చేసినాను!

హేండిలు తిప్పితే ఇంజిను దగ్గి దగ్గి అందుకున్నాది. పెదనాన్న మాత్రం తెడ్లు లేందే ఎక్కనన్నాడు. తెడ్లూ ఎక్కించినాం. ముక్కు తిన్నగా కెరటానికే పెట్టి పట్టుకుని నిలబడ్డాం, నీళ్ళు మొలదాకా. కెరటాలు జట్లుగా వస్తాయి, తెలుసు కదా. పెద్దవి వరసగా వచ్చి, తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి. పెదనాన్న కళ్ళు ఆటిమీదే. మాకందరికీ తెరిపిగానే కనిపిస్తున్నా "ఆగండ్రా, ఇంకోటుంది" అన్నాడు. అదొచ్చినాది, ఛాతీదాకా తడిపి పోనాది. "ఇప్పుడు!" అన్నాడు. తోసి, ఎగిరి ఎక్కినాం. ఇద్దరు తెడ్లు వేసినారు. లోతు అందగానే నేను పెట్టె కిందకి దించినాను. పంకా నీటిని పట్టుకున్నాది. వెన్నుకి ఒక్క ఊపు తగిలినాది, అంతే, తర్వాత కెరటం విరిగేలోపు దానిమీంచి దాటీసినాం. ముక్కు పైకి లేచి ధబ్‌మని పడ్డాది. అవతల నీళ్ళు నున్నగా ఉన్నాయి.

పక్కకి తిరిగి ఉంటే ఏటయ్యేదో మీకు చెప్పక్కర్లేదు. ఇంజిను బలం ఆ ఒక్క ఊపుకే. ఎప్పుడు పోవాలన్నది చెప్పింది ముసిలాయన కన్ను. అందుకే చెప్తున్నాను, మీరు తాడు లాగే ముందు ఒడ్డున నిలబడి చూడండి. ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పుడు మీ బోట్లకి రంగెయ్యడం ఒక్కటే కాదు, వేళ్ళతో కొట్టి చూడండి, ఎక్కడ మొద్దుగా పలుకుతాదో.

కొండ మీద లైట్‌హౌసునీ, దూరంగా సింహాచలం కొండనీ గురుతు పెట్టుకుని వల వేసినాం. కానాగడతలు పడ్డాయి, రెండు వంజరాలు కూడా. తిరిగొచ్చేటప్పుడు పెద్ద కెరటాన్ని ముందుకి పోనిచ్చి, దాని వెనకాలే వచ్చి, పెట్టె ఎత్తీసినాను. పడవ పొట్టమీద జారుకుంటూ ఇసకెక్కినాది. పంకాకి గీత పడలేదు. తోసినోళ్ళందరికీ చేపలు పంచుతుంటే పెదనాన్న పెట్టె పక్కన కూకుని దాని ఇరుసు చేత్తో తిప్పి తిప్పి చూసినాడు. ఆఖరికి లేచి, "రేపటికి డీజిలు ఎవరు తెస్తారు?" అన్నాడు.