జడ్జి లేని గదిలో పిల్లల కేసులు: స్కాట్లాండ్ కథ

పద్నాలుగేళ్ల కుర్రాడు షాపులో దొంగతనం చేసి దొరికాడనుకోండి. కోర్టుకే కదా తీసుకెళ్తారు? స్కాట్లాండ్‌లో 1971 నుంచి ఇలాంటి కేసులు చాలావరకు కోర్టు గడప తొక్కట్లేదు. మర్డర్ లాంటివి వేరే లెక్క.

ఈ ఐడియా ఇచ్చింది స్వయానా ఒక జడ్జి, లార్డ్ కిల్‌బ్రాండన్. ఆయన కమిటీ 1964లో రిపోర్ట్ ఇచ్చింది. తప్పు చేసిన పిల్లలైనా, ఇంట్లో ఆలనాపాలనా లేని పిల్లలైనా వాళ్లకి కావాల్సింది దాదాపు ఒకటే అని తేల్చింది. 1968లో చట్టం వచ్చింది.

ముందు ఫైల్ 'రిపోర్టర్' దగ్గరికి వెళ్తుంది. న్యూస్ రిపోర్టర్ కాదండోయ్, ఒక అధికారి. అవసరమనిపిస్తేనే హియరింగ్ పెట్టిస్తారు. అక్కడ టేబుల్ చుట్టూ పిల్లాడు, అమ్మానాన్న, ట్రైనింగ్ తీసుకున్న ముగ్గురు వాలంటీర్లు. మన జువెనైల్ జస్టిస్ బోర్డులో ఇద్దరు సోషల్ వర్కర్లతో పాటు ఒక మెజిస్ట్రేట్ ఉంటారు. అక్కడ ఆయన కూడా లేరు. "నేను చేయలేదు" అని పిల్లాడంటే అది తేల్చేది షెరిఫ్ కోర్టు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, బగ్ ఉందా లేదా చూసేది ఒక టీమ్, ఫిక్స్ చేసేది ఇంకో టీమ్.

ఈ ముగ్గురూ జైలుకి పంపలేరు, ఫైన్ వేయలేరు. కానీ ఇంటి నుంచి తీసుకెళ్లి వేరే చోట ఉంచమని ఆర్డర్ వేయగలరు. నాకు ఇబ్బందిగా అనిపించేది ఇక్కడే. మేలు కోసమే అని మనం ఎంత చెప్పినా, అమ్మకి దూరమైన పిల్లాడికి అది శిక్షే కదా! పైగా హియరింగ్‌లో వాడి తరఫున ప్రభుత్వ ఖర్చుతో లాయర్ ఉండేవాడు కాదు. 2001లో కోర్టు తప్పుబట్టాక, 2002 నుంచి కొన్ని కేసుల్లో లాయర్‌ని ఇవ్వడం మొదలుపెట్టారు.