గుంటుపల్లి రాతి వాసాలు, కొల్లేటి రేకుల షెడ్లు

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. కొల్లేటి పక్కన చెరువు గట్టు మీద మేత గోడౌన్ వేసుకునేవాళ్లు, తాడేపల్లిగూడెం వైపు కోళ్ల షెడ్డు వేసుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "రెండున్నర అంగుళాల పైపు చాలా, మూడు అంగుళాలది వెయ్యాలా?" జవాబు చెప్తాను. కానీ దానికి ముందు ఒక గుహలోకి వెళ్లి రావాలి.

ఏలూరు నుంచి కామవరపుకోట వైపు వెళ్తే గుంటుపల్లి వస్తుంది. అక్కడ జీలకర్రగూడెం కొండ మీద బౌద్ధ గుహలున్నాయి. మెత్తని ఇసుకరాతి కొండని తొలిచి చేసినవి. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దం నాటివని చాలామంది చరిత్రకారుల లెక్క. వాటిలో ఒకటి గుండ్రటి చైత్యం, మధ్యలో స్తూపం. లోపల నిలబడి తలెత్తి చూడండి. కప్పంతా గొడుగు ఊచల్లాగా రాతి వాసాలు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు కానీ, ఇక్కడ మాత్రం లెక్కపెట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు అసలు విషయం. ఆ వాసాలు దేన్నీ మోయడం లేదు! కొండని లోపలి నుంచి తొలిచిన గది అది. కప్పు పడకుండా ఆపుతున్నది కొండే. వాసాలు చెక్కకుండా నున్నగా వదిలేసినా ఏమీ కాదు. మరి అంత కష్టపడి ఎందుకు చెక్కారు? వాళ్లకి తెలిసిన ఇల్లు అలా ఉండేది కాబట్టి. కర్ర వాసాలు, పైన గడ్డి, గుండ్రటి గోడ. ముఖద్వారం పైన గుర్రపు నాడా ఆకారంలో ఉన్న కమాను కూడా కర్రపనికి నకలే. బీహార్‌లో బరాబర్ కొండల్లోని లోమశ ఋషి గుహ ముఖద్వారం కూడా ఇలాంటిదే. మహారాష్ట్రలో కార్లా గుహకి వెళ్తే ఇంకా వింత. అక్కడ రాతి కప్పుకి నిజమైన టేకు వాసాలే బిగించారు, ఈరోజుకీ ఉన్నాయి.

ఆనాటి కర్ర ఇళ్లు ఏనాడో చివికిపోయాయి. వాటి కప్పు ఎలా కట్టేవాళ్లో మనకి తెలిసేది ఇలాంటి రాతి నకళ్ల వల్లే.

ఆ గుండ్రటి ఇల్లు పూర్తిగా పోలేదండోయ్. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు అంటారు, అక్కడక్కడా ఇంకా ఉంది. గుంటుపల్లి గుహకీ దానికీ నేరుగా చుట్టరికం ఉందని నేను అనను. కానీ కట్టుబడి చూడండి. వాలు బాగా ఎక్కువ, చూరు దాదాపు నడుం ఎత్తుకి దిగి ఉంటుంది, మూలలు లేవు. గాలి కప్పుని బాగా పీకేది మూలల దగ్గర, అంచుల దగ్గర. మూలే లేకపోతే ఆ పీకుడు తగ్గుతుంది. పైగా వాసానికీ వాసానికీ మేకు కొట్టరు, తాడుతో కడతారు. తాడు కట్టు కొంచెం జారుతుంది, సాగుతుంది, ఒక్కసారిగా ఊడి రాదు. కొన్నేళ్లకోసారి గడ్డి మార్చాలి కాబట్టి కట్లన్నీ మళ్లీ చూసి బిగిస్తారు. అతుకులకి సర్వీసింగ్ అన్నమాట.

అలాగని పాక ఇల్లే గొప్పదనడం లేదు. నిప్పురవ్వ పడితే బూడిదే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు వేల మంది ప్రాణాలు పోయాయి. అంత నీటికి ఏ తాడు కట్టూ ఆగదు. తర్వాత తీరం వెంట కాంక్రీటు తుఫాను షెల్టర్లు కట్టారు, అది అవసరం కూడా. ఇక్కడ నేను మాట్లాడుతున్నది గాలి గురించి మాత్రమే.

ఇక రేకుల షెడ్డు. మన గాలి కోడు ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకి ఇచ్చిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. పీడనం లెక్క సులువు: వేగాన్ని వేగంతో గుణించి 0.6తో గుణించాలి. 1500 న్యూటన్లు వస్తుంది, అంటే చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఇనప రేకు బరువు చదరపు మీటరుకి 5 కిలోలే. పైపులన్నీ కలిపి 15 అనుకుందాం. వాలు తక్కువ ఉన్న కప్పుని గాలి కిందకి నొక్కదు, పైకి పీకుతుంది. ఒకవైపు తెరిచి ఉన్న షెడ్డయితే లోపలికి దూరిన గాలి కూడా కిందనుంచి తోస్తుంది. కొల్లేటి దగ్గర చుట్టూ నీళ్లూ చెరువులే కాబట్టి గాలికి అడ్డు కూడా ఉండదు.

6 మీటర్ల వెడల్పు షెడ్డు, 3 మీటర్లకో స్తంభం అనుకోండి. ఒక్కో స్తంభం వంతు 9 చదరపు మీటర్లు. పైకి లాగేది 1350 కిలోలు, సొంత బరువు 135 పోగా 1200 పైమాటే. చిన్న కారు బరువుతో సమానమైన బలం ఒక్కో స్తంభాన్ని నేలలోంచి పీకుతోందన్నమాట! మనం కింద వేసేదేమో తరచుగా అడుగు లోతు గుంతలో అడుగు చదరం కాంక్రీటు. దాని బరువు 70 కిలోలు కూడా ఉండదు. మూడడుగుల గుంత నిండా పోస్తే 1800 కిలోలు దాటుతుంది. కానీ కొల్లేటి నేలలో నీళ్లు పైనే ఉంటాయి. నీళ్లలో మునిగిన కాంక్రీటు బరువులో దాదాపు నలభై శాతం తేలిపోతుంది. 1800 కాస్తా 1100కి దిగుతుంది. అందుకే పాదం వెడల్పు చేసి, పైన మట్టి కప్పి గట్టిగా దిమ్మిస ఆడించాలి. మట్టి బరువు కూడా లెక్కకి వస్తుంది.

ఇది అవగాహన కోసం చేసిన ముతక లెక్క. మీ షెడ్డు వాలు, ఎత్తు బట్టి అంకెలు మారతాయి, ఇంజనీరు చూడాల్సిందే. కానీ దారి ఇదే: రేకు నుంచి స్క్రూకి, స్క్రూ నుంచి అడ్డపైపుకి, వెల్డింగుకి, బేస్ ప్లేటుకి, బోల్టుకి, చివరికి కాంక్రీటుకి. గాలి ఈ గొలుసులో ఏ లంకె వదులుగా ఉందో వెతుక్కుంటుంది. గుంటుపల్లి శిల్పి అక్కర్లేని చోట కూడా వాసాలు చెక్కాడు. మనం గాలి పీకే చోట రెండు చుక్కల వెల్డింగు పెట్టి రంగు కొట్టేస్తాం.

ఇంతకీ పైపు సంగతి. ఇలాంటి చిన్న షెడ్డుకి రెండున్నరా, మూడా అన్నదానికంటే దాని మందమే ముందు చూడాలి. ఆ మందం తేల్చడానికి ఇంజనీరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగండి: "సార్, ఒక్కో స్తంభం దగ్గర పైకి లాగుడు ఎన్ని కిలోలు?" ఆ అంకె చేతికి వచ్చాకే గుంతలు తవ్వించండి. మీ షెడ్డు ఇప్పటికే కట్టేసి ఉంటే వానల ముందు నిచ్చెన వేసుకుని అంచు వరస స్క్రూలు, మూలల వెల్డింగు, తుప్పు పట్టిన బేస్ ప్లేట్లు చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో నల్లరేగడి నేలలో గోడలెందుకు పగులుతాయో మాట్లాడుకుందాం.