లైసెన్సు ఫీజు ఏ పద్దులో పడింది?

ట్రెజరీలో పనిచేసిన రోజుల్లో రవాణా శాఖ చలానాలు నా బల్ల మీదుగానే వెళ్లేవి. పద్దు నంబరు 0041. దాని కింద 101 అంటే మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన సొమ్ము. 102 అంటే రాష్ట్రం తన చట్టంతో వేసుకున్న వాహన పన్ను. లైసెన్సు ఫీజు పడేది 101లో. దాని రేటు పెట్టేది కేంద్రం, వసూలు చేసుకునేది రాష్ట్రం. 2016 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చేసరికి 30 రూపాయల ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) ఫీజు 150 అయింది.

వాహనాల డబ్బు రోడ్డుకే పోవాలన్న ఆలోచన పాతదే. జయకర్ కమిటీ సిఫారసు మీద 1929లో గాలన్ పెట్రోలుకు రెండణాలు అదనంగా వేసి రోడ్డు నిధి పెట్టారు. మన జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1931 చట్టం వాహన పన్ను తెచ్చి టోలుగేట్లు ఎత్తేసింది. గేట్ల ఆదాయం పోయిన స్థానిక సంస్థలకు పరిహారం ఇమ్మంది. ఆ ఏర్పాటంటే నాకు గౌరవం. ఎవరికి బాకీ పడ్డారో చట్టంలోనే రాసుకున్నారు.

రాజ్యాంగం వచ్చాక ఫీజైనా పన్నైనా రాష్ట్ర సంచిత నిధికే చేరుతుంది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు, సేవకోసం విడిగా ఉంచకుండా ఖజానాలో కలిపేసిన సొమ్ము ఫీజు కాదు, పన్నేనంది. 1983లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ ఫీజు కేసులో ఆ పట్టు సడలించింది. నాకు మాత్రం మొదటి తీర్పే న్యాయం. డ్రైవింగ్ టెస్టు ఫీజు కట్టిన కుర్రాడికి సరైన ట్రాకు, తగినంతమంది ఇన్‌స్పెక్టర్లు ఉండాలి. దానికెంత ఖర్చుపెట్టారో బడ్జెట్‌లో విడిగా చూపాలని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.