బంతి మీద చేవ్రాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కబురు పంపారు. శాతవాహనులను గురించీ కాకతీయులను గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. సబ్ ట్రెజరీలో బిల్లులు చూస్తూ ముప్ఫై ఏళ్ళు గడిపిన నాకు బాగా తెలిసినది సంతకాల సంగతి ఒక్కటే. అందుచేత అదే రాస్తున్నాను. కాకపోతే ఇవి అమెరికాలో బేస్ బాల్ ఆటగాళ్ళు బంతుల మీద పెట్టిన సంతకాలు.

మా పెద్దమ్మాయి కుటుంబం మినెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్ నగరంలో ఉంటుంది. మనవడికి ఈ బంతులు పోగుచేసే అలవాటు. అందులోనూ వాడికి ఇండిపెండెంట్ లీగుల వాళ్ళవే కావాలి. ఆ మాటేమిటో ముందు చెప్పాలి. అమెరికాలో చిన్న ఊళ్ళ జట్లలో చాలావాటికి పైన ఒక పెద్ద జట్టు ఉంటుంది. ఆటగాళ్ళకు జీతం అదే ఇస్తుంది, బదిలీలూ ప్రమోషన్లూ దాని చేతిలోనే. ఇండిపెండెంట్ జట్టుకు అలాంటి హెడ్డాఫీసు లేదు. టిక్కెట్లు అమ్ముకుని తన జీతాలు తనే ఇచ్చుకోవాలి. 1993లో ఆరు జట్లతో ఆట మొదలుపెట్టిన నార్తర్న్ లీగు అలాంటిదే. సెయింట్ పాల్ సెయింట్స్ అందులో ఒక జట్టు. పెద్ద లీగులు తీసుకోనివాళ్ళూ, తీసుకుని వదిలేసినవాళ్ళూ ఇక్కడికి చేరేవారు.

డారిల్ స్ట్రాబెరీ సంగతే చూడండి. 1986లో న్యూయార్క్ మెట్స్ ఛాంపియన్లయినప్పుడు ఆ జట్టులో పెద్ద పేరు అతనిది. తర్వాత మత్తుపదార్థాల వల్ల సస్పెండయ్యాడు. 1996లో సెయింట్స్ తీసుకుంటే 29 ఆటల్లో 18 హోమ్ రన్లు కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సరు వంటిది. ఆ వేసవిలోనే న్యూయార్క్ యాంకీస్ పిలిచింది, ఆ ఏడాదే వాళ్ళు ఛాంపియన్లయ్యారు. అతను మెట్స్ తరఫున సంతకం చేసిన బంతులు కావలసినన్ని దొరుకుతాయి. సెయింట్స్‌లో ఉన్నది కొద్ది వారాలే కనుక ఆ నాటివంటే సేకర్తలకు వేరే ఆశ.

నా మట్టుకు ఇలా బోర్డర్స్ కథే ఎక్కువ నచ్చింది. ఆమె ఎడమచేతి వాటం పిచ్చర్, అంటే మన బౌలరు లాంటి స్థానం. 1950లలో టోనీ స్టోన్, మేమీ జాన్సన్ అనే నల్లజాతి మహిళలు నల్లజాతి లీగులో మగవాళ్ళతో కలిసి ఆడారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఆ తలుపు మూసే ఉంది. 1997 మే 31న సెయింట్స్ బోర్డర్స్‌ను మైదానంలోకి దించారు. మొదటిరోజు ఆట సరిగా సాగలేదు. కొన్నాళ్ళకే ఆమెను డులూత్ జట్టుకు ఇచ్చేశారు. 1998 జులై 24న ఆ జట్టు తరఫున ఆరు ఇన్నింగ్సులు ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా విసిరి, మొదటి విజయం తన పేర రాయించుకున్నారు. 2000లో ఆట మానేసి తర్వాత అగ్నిమాపక శాఖలో పనిచేశారు. ఆడపిల్లలను కార్యాలయంలో చేర్చుకుని టైపు మిషను దగ్గరే కూర్చోబెట్టిన రోజులు చూసిన మనకు ఆ ఆరు ఇన్నింగ్సుల విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక సంతకం ఎక్కడ పెట్టాలి, దేనితో పెట్టాలి అన్నదానికి కూడా పద్ధతి ఉంది. బంతి మీద రెండు కుట్ల వరసలు దగ్గరపడే చోట సన్నని జాగా ఉంటుంది. ఒక్కరే సంతకం చేస్తే అక్కడ చేయాలి. జట్టంతా చేసే బంతి మీద ఆ జాగా మేనేజరుకు వదలడం పాత ఆనవాయితీ. (ఆఫీసరుగారి జాగాలో గుమాస్తా సంతకం చేస్తే ఏమయ్యేదో మనకు తెలుసు.) బాల్ పెన్నే వాడాలి, స్కెచ్ పెన్ను సిరా తోలులో పాకిపోతుంది. ఎండ తగిలితే నీలిసిరా వెలిసిపోతుంది.

డబ్బున్నచోట దొంగ సంతకం ఉంటుంది. 1990లలో కాలిఫోర్నియా కేంద్రంగా ఒక ముఠా పేరున్న ఆటగాళ్ళ సంతకాలు వేలకొద్దీ గిలికి అమ్మింది. శాన్ డియాగో ఆటగాడు టోనీ గ్విన్ తన పేరుతో అమ్ముతున్నవి తనవి కావని గుర్తుపట్టాడు. ఎఫ్.బి.ఐ. ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో విచారణ జరిపి 1999లో దాడులు చేసింది. పట్టుబడిన దొంగ సరుకులో మదర్ థెరీసా సంతకం చేసిన బేస్ బాల్ కూడా ఉంది! ప్రతిదానికీ అసలుదేనని ఒక సర్టిఫికెట్టు, అదీ దొంగదే. 2001 నుంచి పెద్ద లీగు వారు, తమ మనిషి కళ్ళతో చూస్తే తప్ప ముద్ర వేయని పద్ధతి పెట్టుకున్నారు. సాక్షి ఎదుట సంతకం. మన ట్రెజరీ రూలు వాళ్ళకు అప్పటికి తట్టింది.

చిన్న లీగులో ఆ బెడద తక్కువని నా అభిప్రాయం. ఆట అయ్యాక ఆటగాళ్ళు గోడ దగ్గర నిలబడి పిల్లలకు ఉచితంగా సంతకం చేస్తారు. ఉచితంగా దొరికేదాన్ని ఎవడు దొంగగా రాస్తాడు? మనవడి చేత ఒక రిజిస్టరు పెట్టించాను. తేదీ, స్థలం, ఎవరి ఎదుట చేశారు అన్నవి మూడు గడులు.

సెయింట్స్ 2021 నుంచి మినెసోటా ట్విన్స్‌కు అనుబంధ జట్టయింది, హెడ్డాఫీసు వచ్చేసింది. కనుక 1993 నుంచి 2020 దాకా ఉన్నవే ఆ జట్టు ఇండిపెండెంట్ కాలపు గుర్తులు. వాటిలో మనవడు ఎక్కువ వెతికేది మినీ మిన్యోసో సంతకం. క్యూబా మనిషి. 1940లలో నల్లజాతి లీగులో మొదలుపెట్టాడు, 1951లో షికాగో వైట్ సాక్స్‌లో మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1993లో సెయింట్స్ తరఫున ఒకసారి, 2003లో డెబ్భై దాటాక మరోసారి బ్యాటు పట్టి, ఏడు దశాబ్దాల్లో వృత్తి ఆట ఆడినవాడయ్యాడు. అతనికి హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది మాత్రం 2022లో, కన్నుమూసిన ఏడేళ్ళకు. ఆ గౌరవం పొందినవారు సంతకం కింద ఆ సంవత్సరం వేయడం అక్కడ అలవాటు. మిన్యోసో పేరు కింద 2022 అని ఉన్న బంతి ఎవరైనా చూపిస్తే అక్షరాల వంపులు పోల్చి చూడనక్కరలేదు. 2015లో పోయిన మనిషి 2022 నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు దాఖలు చేసినట్టే అది.