యంత్రానికి ముందు గోడ

1806 ఫిబ్రవరిలో బోస్టన్ రేవు నుంచి ఒక ఓడ బయలుదేరింది. అందులో ఉన్న సరుకు 130 టన్నుల మంచుగడ్డ. పంపినవాడు ఫ్రెడరిక్ ట్యూడర్, వయసు ఇరవై రెండేళ్ళు. పోవలసిన చోటు కరీబియన్ దీవి మార్టినీక్. మంచును ఉష్ణదేశాల్లో అమ్ముతానంటే ఊరంతా నవ్వింది. అయితే మూడు వారాల ప్రయాణం తర్వాత కూడా ఓడలో మంచు మిగిలే ఉంది. చిక్కు రేవులో దిగాక వచ్చింది. సెయింట్ పియర్ పట్టణంలో మంచు దాచడానికి గది లేదు. ఓడలో నుంచే అమ్మాల్సి వచ్చింది. కొన్నవాళ్ళకు దాన్ని ఇంట్లో ఎలా ఉంచుకోవాలో తెలియదు. సరుకు కళ్ళముందే నీరైపోయింది, వేల డాలర్లు పోయాయి.

చలిని తేవడం ఒక పని, నిలపడం ఇంకో పని. ఈ రెండో పని నేర్చుకోవడానికి ట్యూడర్‌కి చాలా ఏళ్ళు పట్టింది. తర్వాత హవానాలో ఆయన ముందు మంచుగది కట్టించాడు, ఆ తర్వాతే వ్యాపారం నిలదొక్కుకుంది. రెండు వరసల గోడలు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో రంపపు పొట్టు లాంటి తేలిక సరుకు. రంపపు పొట్టుకి సొంతంగా చల్లదనం ఏమీ లేదు. అది చేసేదల్లా గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచడమే. మన సోడాబండి వాళ్ళు ఐసుదిమ్మ మీద పొట్టు పోసి గోనెపట్టా కప్పేది కూడా ఇందుకే.

1833లో ట్యూడర్ మంచు కలకత్తా చేరింది. బయలుదేరినప్పుడు 180 టన్నులు, నాలుగు నెలల తర్వాత చేరినప్పుడు సుమారు 100 టన్నులు. మద్రాసులోనూ సముద్రపు ఒడ్డున మంచు కోసం ఒక భవనం కట్టారు. మద్రాసులో చదువుకున్న తెలుగువాళ్ళందరికీ అది ఐస్ హౌస్‌గా తెలుసు. 1897లో వివేకానందుడు కొద్దిరోజులు బస చేసింది అక్కడే. యంత్రాలతో స్థానికంగా ఐసు తయారుకావడం మొదలయ్యాక ఆ వ్యాపారం పోయింది. ఇల్లు మాత్రం మిగిలింది.

ద్రాక్షసారా దాచేవాళ్ళ కథ వేరే దారిలో నడిచింది. మన నగరాల్లో సెల్లార్ అంటే కార్లు పెట్టుకునే చోటు. యూరప్‌లో అది సీసాలు నిద్రపోయే నేలమాళిగ. నేలలోకి దిగేకొద్దీ ఎండాకాలం, చలికాలం తేడా తగ్గిపోతుంది. పారిస్ అబ్జర్వేటరీ అడుగున దాదాపు 28 మీటర్ల లోతులో ఉన్న గదుల్లో ఏడాది పొడుగునా వేడి పన్నెండు డిగ్రీల దగ్గరే ఉంటుందని పద్దెనిమిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులు గమనించారు. 1783లో లవోజియే తయారుచేయించిన థర్మామీటరును అక్కడ పెట్టారు. రాన్స్ పట్టణం కింద రోమన్ల కాలంలో సుద్దరాయి తవ్విన గోతులున్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో మదామ్ పోమ్రీ వాటిని కలుపుతూ సొరంగాలు తవ్వించి షాంపేన్ సీసాలు పేర్పించింది. అక్కడ యంత్రం లేదు, భూమే గోడ.

1870లలో కార్ల్ ఫాన్ లిండే మ్యూనిక్‌లోని ష్పాటెన్ బీరు కార్ఖానాలో తన శీతలయంత్రాన్ని నడిపి చూపించాడు. అప్పటినుంచి భూమితో పనిలేకుండా చలి దొరికింది. అక్కడే ఒక పొరపాటు అభిప్రాయం కూడా మొదలైంది: యంత్రం చలిని తయారుచేస్తుందని. నిజానికి అది గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది, అంతే. గోడలు కారుతుంటే అది చిల్లుపడవలో నీళ్ళు తోడడమే.

ఇవాళ ఇంట్లో ఒక చిన్న గదిని వైన్ కోసం సిద్ధం చేసేవాళ్ళు చదవాల్సిన చరిత్ర ఇదే. చాలామంది ముందు యంత్రం కొంటారు, తర్వాత గది గురించి ఆలోచిస్తారు. ట్యూడర్ మార్టినీక్‌లో చేసింది ఇదే కదా!

కావలసింది 13 డిగ్రీల వేడి, 50 నుంచి 70 శాతం తేమ. తేమ మరీ తగ్గితే బిరడా ఎండిపోయి సీసాలోకి గాలి దూరుతుంది. మామూలు ఏసీ ఇక్కడ పనికిరాదు. అది అంత కిందికి దిగదు, పైగా గదిలో తేమనంతా పీల్చేస్తుంది. గోడలకీ పైకప్పుకీ ఇన్సులేషన్ ఉండాలి, కప్పుకి ఇంకాస్త మందంగా. తలుపు వీధితలుపంత గట్టిగా, చుట్టూ రబ్బరు పట్టీతో, కింద సందు లేకుండా ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ఆవిరి. చల్లనీళ్ళ గ్లాసుకి బయట చెమట పట్టడం అందరం చూస్తాం. వేడిగాలిలోని తేమ చల్లటి గోడలోకి చొరబడి లోపల అలాగే నీరవుతుంది. ఇన్సులేషన్ తడుస్తుంది, బూజు పడుతుంది, కలప కుళ్ళుతుంది. 1930లలో అమెరికాలో ఇళ్ళకు ఇన్సులేషన్ నింపడం పెరిగాక గోడల్లో తేమ చేరి రంగులు ఊడిపోయాయి. మినెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ దానిమీద ప్రయోగాలు చేశాడు. అక్కడ తేలిన సూత్రం: ఆవిరిని ఆపే పొర వెచ్చటి వైపు ఉండాలి. చలిదేశపు ఇంటికి వెచ్చటి వైపు అంటే లోపల. చల్లటి గదికి అది బయటివైపు. అదే ప్లాస్టిక్ పొరని తప్పు వైపు వేస్తే గోడ తనలోనే నీళ్ళు దాచుకుంటుంది.

ఇంకో లెక్క ఉంది. గోడలో బిగించే చిన్న యంత్రాలు సాధారణంగా చుట్టూ ఉన్న వేడికన్నా సుమారు 16, 17 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. అది తోడిన వేడిని 40 డిగ్రీలున్న స్టోర్‌రూంలోకి వదిలితే, లోపల 23 దగ్గర ఆగిపోతుంది. హైదరాబాదు మే నెలలో ఈ లెక్క వేసుకోకుండా కొంటే డబ్బులు దండగ.

వైన్ తాగనివాళ్ళకి ఇదంతా ఎందుకు అనొచ్చు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలకూ ఇవే సూత్రాలు. గోడ కారితే అక్కడ పోయేది ఒక సీసా కాదు, ఒక రైతు ఏడాది కష్టం. మట్టిగోడ మందం, అటక మీద గాలి, పెంకు కింద నీడ తెలిసిన మనం కాంక్రీటు డబ్బాలు కట్టుకుని, వాటికి ఎన్ని టన్నుల ఏసీ కావాలని అడుగుతున్నాం. ముందు అడగాల్సింది గోడ సంగతి.