ముందు నీరు, పిదప తోట, ఆ పిదప గుడి



జీర్ణోద్ధరణము పూర్తియై మహాకుంభాభిషేకము జరుగుచున్న ఈ శుభసమయమున వెలువడుచున్న సంచికలో గోపురమును గూర్చియు, ప్రతిష్ఠా విధానమును గూర్చియు, దాతల వదాన్యతను గూర్చియు పెద్దలు వ్రాసియున్నారు. కమిటీ వారు నాకు అప్పగించిన విషయము వేరు. ఉత్తర ప్రాకారములో రాయి పరువక విడిచిన సుమారు 300 గజముల నేలను చూచి, “అయ్యగారూ, ఇక్కడ పని ఇంకను మిగిలియున్నదా?” అని మీలో అనేకులు నన్ను అడుగుచున్నారు. పని పూర్తియైనది. ఆ నేలను అట్లు నిలుపుటయే ఆ పని. అట్లేల చేసితిమో పూర్వచరిత్రతో సహా మీకు విన్నవించుకొనుచున్నాను.

ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో ప్రాసాద లక్షణమును చెప్పుచు, ముందుగా సమృద్ధియైన జలాశయమును కల్పించి, ఉద్యానములను నెలకొల్పి, ఆ మీదట దేవాలయమును నిర్మింపవలెనని విధించిరి. ఆ వరుసను గమనింపుడు. ముందు నీరు, పిదప తోట, ఆ పిదప గుడి. నీరును చెట్లును గల తావులందే దేవతలు ఇష్టముతో వసింతురని వారి ఆశయము. ఆ గ్రంథముననే చెట్లను, పుట్టలను బట్టి భూగర్భ జలము జాడ కనిపెట్టు విద్యకు దకార్గళమను పేర ఒక అధ్యాయము, వృక్షాయుర్వేదమునకు మరియొక అధ్యాయము కలవు. మన తెలుగువారు ఎన్నుకొన్న సప్తసంతానములలో దేవాలయముతోపాటు తటాకమును, వనమును చేరియుండుట మీరెరిగినదే. మూడును ఒక్క పుణ్యమునకు మూడు ముఖములు.

ఇది గ్రంథములకే పరిమితమైన మాట కాదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున పాలంపేటలో ప్రతిష్ఠ చేయించిన రుద్రేశ్వరాలయమును మనము రామప్ప గుడి అనుచున్నాము. 2021లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. శిల్పములను చూచి వచ్చు యాత్రికులు ఆ గుడికి చేరువనే కొండల నడుమ నిండుకుండవలెనున్న రామప్ప చెరువును కూడ చూడవలెను. కాకతీయుల నాటి ఆ చెరువు నేటికిని పొలములను తడుపుచున్నది.

కడప మండలమున పోరుమామిళ్ళ చెరువు శాసనము మరియొక సాక్ష్యము. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించిన ఆ చెరువునకు 1369లో వేయించిన సంస్కృత శాసనమది. ప్రతిదినము వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు శ్రమించినట్లు అందు చెప్పబడినది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగిలెడి ఆరు దోషములను కూడ శాసనకర్త పేర్కొనెను. నీరు స్వల్పమై తడుపవలసిన నేల విస్తారమగుట ఒక దోషము. నేల స్వల్పమై నీరు అధికమగుట మరియొక దోషము. ఆరున్నర శతాబ్దములకు పూర్వము శిలపై చెక్కిన ఈ రెండవ దోషమే నేడు మన నగరమునకు పట్టిన వ్యాధి. చేరు నీరు పెరిగినది. దానిని ఇముడ్చుకొను నేల తరిగినది.

ఇక మన ఊరి సంగతి. నిత్యము సంకల్పములో కృష్ణా గోదావరుల మధ్య ప్రదేశమున ఉన్నామని చెప్పుకొనుచున్నాము. ఈ ప్రదేశము నదులు మోసితెచ్చిన ఒండ్రుతో ఏర్పడినది. సర్ ఆర్థర్ కాటన్ దొరవారి పూనికయు, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణయు తోడై, బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1852లో ఆరంభమై 1855 నాటికి ముగిసినది. దాని స్థానమున నేటి ప్రకాశం బ్యారేజి 1957లో సిద్ధమైనది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మన నగరము నడుమగా సాగి డెల్టాకు అన్నము పెట్టుచున్నవి.

ఇందొక సూక్ష్మము కలదు. డెల్టాలో సాగునీటి కాలువలను మిట్టమీదుగా త్రవ్వుదురు. అట్లైన గాని నీరు ఇరువైపుల పొలములకు జారదు. వాననీరు పల్లమును వెదకికొని పోయి మురుగు కాలువలలో చేరును. కావున కాలువ నీరిచ్చు తల్లియే గాని, వీధిలో నిలిచిన వాననీటిని పుచ్చుకొనునది కాదు. చుట్టును కాలువలున్నవి గదా, వాననీరు వానిలోనికి పోవునను నమ్మకముతో మనము పెరళ్ళకు చప్టాలు చేయించుకొంటిమి.

వాననీటిని పుచ్చుకొను ఏర్పాటును భగవంతుడే చేసియుండెను. మైలవరము వైపు కొండలలో పుట్టిన బుడమేరు కొల్లేటిని చేరుచున్నది. కొల్లేరు రెండు డెల్టాల నడుమనున్న పెద్ద పళ్ళెము వంటిది. వరద వచ్చినపుడు నిండి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రమునకు విడుచును. అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా 2002లో రామ్‌సర్ జాబితాలో దానిని చేర్చిరి. ఆక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో తొలగింపవలసి వచ్చినది. ఏరు పొంగినపుడు పరచుకొనుటకు విడిచిన చోటు బీడు కాదని తెలిసికొనుటకు మనకు ఇంత కాలము పట్టినది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలను మనము మరువలేము. కుండపోత వానకు మొగల్రాజపురమున కొండచరియలు విరిగిపడి ప్రాణములు పోయినవి. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి, సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీట నిలిచినవి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద సాగినది. 2009 నాటి వరదను కూడ మించినది. ఇంటిలో ఇంకుడు గుంత త్రవ్వినంత మాత్రమున అంతటి ప్రళయము ఆగునని నేను చెప్పను. అట్లు చెప్పుట అసత్యము. కాని ఏటేట వచ్చు మామూలు వానకే వీధులు చెరువులగుట మన చేతులతో మనము తెచ్చుకొన్నది. అందులో నా పాలు కూడ కలదు. దానిని ఇచ్చట దాచకుండ చెప్పుకొనవలెను.

నేను ఈ ఆలయమున అర్చకత్వమునకు వచ్చిన తొలినాళ్ళలో ఒకవైపు ఏలూరు రోడ్డు, మరియొకవైపు బందరు రోడ్డు ఉన్న మన గవర్నర్‌పేటలో ఇండ్లకు పెరళ్ళుండెడివి, పెరటిలో నుయ్యి, గట్టున కొబ్బరిచెట్టు ఉండెడివి. మన ఆలయ ఈశాన్యముననున్న నూతి నుండి చేదతో తోడిన నీటితోనే స్వామివారికి అభిషేకము జరిగెడిది. వానకాలమున ప్రాకారము బురదయై, ప్రదక్షిణము చేయు పెద్దలకు కాళ్ళు జారుచున్నవని భక్తులు చెప్పగా, అంతటను సిమెంటు గచ్చు చేయింపుడని అప్పటి పెద్దలను వేడుకొన్నది నేనే. కుళాయి వచ్చిన పిదప నూతిపై బిళ్ళ మూయించినదియు నా సలహాయే. ఆ దినమున చాల మంచి పని చేసితినని సంతోషించితిని.

తరువాత జరిగినది మీలో పాతవారికి తెలియును. వీధిలో రోడ్డు వేసినప్పుడెల్ల కొంత ఎత్తు పెరిగినది, గుడి పల్లమైనది. గచ్చు మీద పడిన నీటికి ఇంకుటకు తావు లేదు, వీధిలోనికి పోవుటకు వాలు లేదు. ఒక శ్రావణ శుక్రవారమున ముఖమండపములో మడమలు మునుగు నీటిలో నిలిచి నేను సహస్రనామార్చన చేసితిని. ముత్తైదువలు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని తీర్థము పుచ్చుకొనిరి. కాళ్ళ క్రింది ఆ నీటిలో వీధి మురుగు కలసియున్నది. వ్రేలెత్తి చూపుటకు నాకు మరియొకరు కనబడలేదు.

జీర్ణోద్ధరణమునకు పూనుకొన్నపుడు ప్రాకారమంతయు మూడడుగులు లేపి గ్రానైటు పరువవలెనని మొదటి ఆలోచన. అట్లు చేసినచో మన నీరు ప్రక్క ఇండ్లలోనికి పోవును. దేవుని గుడి నీరు పొరుగువాని వంటింటిలో చేరుట ఏ ధర్మము? అందుచే ఇంజనీర్లను సంప్రదించి, గర్భాలయమును మండపమును మాత్రము లేపి, ఉత్తర భాగమును మట్టిగానే ఉంచుటకు నిర్ణయించిరి.

లెక్క చూడుడు. 300 గజముల నేలపై పది సెంటీమీటర్ల వాన పడినచో అది సుమారు 25 వేల లీటర్లు, అనగా ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు. ఏడాదికి మన ప్రాంతమున కురియు వాన సుమారు నూరు సెంటీమీటర్లు. పైకప్పుల నీరు దీనికి అదనము. ఇంత గంగను స్వామివారు ఊరక పంపుచుండగా మనము మోరీలోనికి తోలి, వేసవిలో ట్యాంకరును పిలుచుచుంటిమి.

ఇప్పుడు చేసినది ఇది. నూతిపై బిళ్ళ తీయించి, పూడిక తోడించి, ఒరలు బాగుచేయించితిమి. మండపము పైకప్పు నీటిని గొట్టముల ద్వారా దింపి, ఆకులు దుమ్ము కొట్టుకొనివచ్చు తొలివాన నీటిని వేరుగా విడిచి, తక్కిన దానిని రాళ్ళు, కంకర, ఇసుక వరుసగా నింపిన గుంతలోనికి మళ్ళించితిమి. నేల నడుమ పళ్ళెమువలె కొంచెము లోతు చేసి, అడుగున గరిక, వట్టివేరు, తుంగ నాటితిమి. ఇవి నీటిలో నిలిచినను, ఎండకు ఎండినను మరల చిగిర్చును. అంచున నేరేడు, కానుగ. మిట్టమీద బిల్వము, పారిజాతము, పొగడ, మందారము. ప్రదక్షిణ మార్గమున నాపరాళ్ళను పరచి, సందులలో సిమెంటు నింపక ఇసుక పోసితిమి. కాళ్ళకు బురద అంటదు, నేలకు దాహము తీరును. పాలు, నూనె, పసుపు కలిసిన అభిషేక జలమును మాత్రము నూతి వైపునకు పోనీయక వేరుగా మళ్ళించితిమి.

ఇట్టి పళ్ళెపు తోటలను 1990లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున ఇండ్ల ముంగిళ్ళలో వేయనారంభించి వాన తోటలనిరి. చైనా వారు 2015లో 16 నగరములను ఎన్నుకొని, నీటిని స్పాంజివలె పీల్చుకొను నగరములుగ తీర్చుటకు పూనుకొనిరి. మన రాష్ట్రమున 2002లోనే నీరు, భూమి, చెట్ల సంరక్షణకు వాల్టా చట్టము వచ్చినది. లోకము చుట్టి వచ్చిన ఈ విద్య వరాహమిహిరుని వరుసకే చేరుట నాకు ఆనందము గొలిపినది.

మీ ఇండ్లలో కూడ చేయదలచిన వారికి కొన్ని జాగ్రత్తలు. గుంతను గోడల పునాదికి కనీసము పదడుగుల దూరమున త్రవ్వవలెను. త్రవ్విన పిదప నీరు నింపి చూడుడు. ఒకటి రెండు దినములలో ఇంకవలెను, లేకున్న దోమలు చేరును. మనది కాలువల నడుమ ఊరు. కాలువ పారు దినములలో భూగర్భ జలము పైకి వచ్చును. కనుక లోతైన గుంత కంటె వెడల్పైన నిస్సారపు పళ్ళెము మేలు. చప్టా తప్పనిసరియైనచో ఒక మూలనైన మట్టిని మిగుల్పుడు.

దాతలకు ఒక మనవి. గ్రానైటు పలకకు విరాళమిచ్చిన వారి పేరు పలకపై చెక్కవచ్చును, మట్టిపై చెక్కలేము. ఉత్తర ప్రాకారమున రాతి కైంకర్యము చేయుదుమని ముందుకు వచ్చి, అచ్చట రాయి వేయబోమని తెలిసి చిన్నబుచ్చుకొన్న వారు కొందరు కలరు. వారిలో అధికులు ఆ సొమ్మును నూతి పూడికకును, మొక్కలకును మార్చుటకు సమ్మతించిరి. ఆ చోట ఏ ఫలకమును కనబడదు. రేపు వేసవిలో ఆ నూతినుండి తోడిన తొలి బిందె స్వామివారి శిరస్సుపై పడునపుడు ఆ పుణ్యము ఎవరిదో ఆయనకు తెలియును.

కుంభాభిషేకము మృత్సంగ్రహణముతో ఆరంభమగునని మీరు చూచితిరి. భూదేవిని ప్రార్థించి, మట్టిని తెచ్చి, పాలికలలో నింపి, నవధాన్యములను అంకురార్పణము చేసితిమి. వెనుకటి సారి ఈ కార్యమునకు మన ప్రాకారమున పిడికెడు మట్టి దొరకక, ఊరి వెలుపలి నుండి బస్తాలో తెప్పించితిమి. ఈ మారు ఆలయ ఈశాన్యముననే, నూతి ప్రక్కన, గునపము వేయగా మెత్తని తడిమట్టి వచ్చినది. మొలకలు మూడవ నాటికే పచ్చగా లేచినవి.

ఆ నేలను మరల కప్పకుండ కాపాడు భారము నా తరువాత వచ్చు అర్చకులది, మీది. స్వామివారు సకాలమున వానలిచ్చి, ఆ వానకు తావిచ్చు బుద్ధిని మనకు ప్రసాదించుగాక!

శుభం భూయాత్.